కొరియర్ ఆఫీసు, పోస్టాఫీసు: మా పల్లెదాకా ఎవరి మనిషి వెళ్తాడు?

ప్రశ్న
కనిగిరి అమ్మాయి, మారతహళ్ళి, బెంగళూరు

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్తారని అడుగుతున్నాను.

మాది కనిగిరికి అవతల ఒక చిన్న పల్లె. ఉద్యోగం ఇక్కడ మారతహళ్ళిలో. ఊళ్ళో అమ్మ ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేదు. ఈమధ్య అమ్మకి బీపీ మిషను, రెండు నైటీలు, మోకాళ్ళకు వేసుకునే పట్టీలు ఒక పెట్టెలో సర్ది మా వీధి చివర కొరియర్ ఆఫీసులో ఇచ్చాను. అక్కడి కుర్రాడు పిన్ కోడ్ కొట్టి చూసి, సర్వీసు ఉంది మేడమ్ అన్నాడు. డబ్బు కట్టేశాను. పెట్టె కనిగిరి వరకూ చక్కగా వెళ్ళింది. అక్కడినుంచి అమ్మకి ఫోను వచ్చింది: "మీ ఊరికి డెలివరీ లేదమ్మా, టౌనుకి వచ్చి తీసుకెళ్ళండి." అమ్మ బస్సెక్కే పరిస్థితిలో లేదు. చివరికి పక్కింటి మామయ్య పనిమీద టౌనుకి వెళ్ళినప్పుడు తెచ్చిపెట్టాడు. ఇక్కడ కౌంటర్లో అడిగితే, మా చేతిలో ఏముంది, అది అక్కడి ఆఫీసు వాళ్ళ పని అన్నారు. ఒకే బోర్డు, ఒకే పేరు. మరి ఇది వీళ్ళది, అది వాళ్ళది ఎలా అవుతుంది?

ఇప్పుడు అంతకంటే ముఖ్యమైనవి పంపాలి. పొలం కాగితాలు. నేను సంతకాలు పెట్టిన ఒరిజినల్స్. ఇవి ఎక్కడైనా పోతే మళ్ళీ అందరినీ కూర్చోబెట్టి సంతకాలు చేయించడం నావల్ల కాదు. మా ఆయనేమో పోస్టు ఎప్పటికి చేరుతుందో, కొరియరే పంపు అంటారు. మా మామగారేమో పోస్టాఫీసు తప్ప ఇంకేదీ నమ్మరు. నిజంగా టెన్షన్‌గా ఉంది.

కొరియర్ కంపెనీ ఆఫీసుకీ పోస్టాఫీసుకీ అసలు తేడా ఎక్కడుంది? రేటు, స్పీడు సంగతి కాదు, పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1
వైట్‌ఫీల్డ్ వాసి

నేనైతే అన్నీ కొరియర్‌లోనే పంపుతాను. హైదరాబాదు, విజయవాడ ఎక్కడికైనా ఒకట్రెండు రోజుల్లో వెళ్ళిపోతాయి. ఇంటికే వచ్చి తీసుకెళ్తారు. పోస్టాఫీసులో క్యూలో నిలబడే టైము ఎవరికుంది? అయితే నేను పంపేవన్నీ సిటీలకే. పల్లెల సంగతి నాకు తెలియదు.

జవాబు 2
రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్, కె.ఆర్.పురం

అమ్మా, నేను పోస్టల్ డిపార్టుమెంటులో కౌంటరు గుమాస్తాగా చేరి, సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరయ్యాను. సొంతూరు చిత్తూరు వైపు. సర్వీసు మొత్తం కర్ణాటకలో, ఎక్కువ భాగం బెంగళూరులో గడిచింది. మీరు సరైన ప్రశ్న అడిగారు. అందరూ రేటు అడుగుతారు, ఎన్ని రోజులు అని అడుగుతారు. నా ఉద్దేశంలో ముందు తెలుసుకోవాల్సింది ఒకటే. మీ చేతిలోంచి పెట్టె తీసుకున్న మనిషీ, మీ అమ్మగారి తలుపు తట్టాల్సిన మనిషీ ఒకే సంస్థకు జవాబుదారీగా ఉన్నారా లేదా?

ముందు కొరియర్ సంగతి. మీ వీధి చివర ఉన్న ఆ ఆఫీసు చాలావరకు కంపెనీ సొంతది కాదు. ఫ్రాంచైజీ. ఎవరో ఒక వ్యాపారి డిపాజిట్ కట్టి, బోర్డు తెచ్చుకుని, ఒక కాటా, ఒక కంప్యూటరు పెట్టుకుని కూర్చుంటాడు. బుకింగ్ మీద అతనికి కమీషను. సాయంత్రం కంపెనీ వ్యాను వచ్చి మూటలు తీసుకెళ్తుంది. అక్కడినుంచి హబ్‌కి, అంటే మూటలు విడదీసే పెద్ద కేంద్రానికి, ఆ హబ్ నుంచి ఇంకో హబ్‌కి మోసే పని కంపెనీది. ఈ మధ్య భాగం వాళ్ళు చాలా బాగా చేస్తారు, అది ఒప్పుకోవాలి. బ్లూడార్ట్‌కి సొంత కార్గో విమానాలే ఉన్నాయి. డి.టి.డి.సి. మన బెంగళూరులో 1990లో పుట్టి, ఫ్రాంచైజీల మీదే దేశమంతా పాకింది. మళ్ళీ అటు చివర, కనిగిరిలో ఉన్నది ఇంకో ఫ్రాంచైజీ. అతనికి ఒక్కో కవరు అందజేసినందుకు ఇంత అని వస్తుంది. టౌన్లో నాలుగు వీధులు తిరిగితే ఒక సంచి ఖాళీ అవుతుంది, గిట్టుబాటు అవుతుంది. మీ ఊరికి ఒక్క పెట్టె కోసం బండి తీస్తే పెట్రోలు ఖర్చుకే చాలదు. అందుకని ఫోను చేసి రమ్మంటాడు. అతన్ని తిట్టి లాభం లేదు, లెక్క అలా ఉంది. వాళ్ళ భాషలో దీన్ని ఓ.డి.ఏ. అంటారు, అంటే డెలివరీ పరిధి బయట అని. కొన్ని కంపెనీలు ఓ.డి.ఏ.కి అదనంగా డబ్బు తీసుకుని ఇంటిదాకా వెళ్తాయి. అది బుకింగ్ అప్పుడే అడిగి రసీదు మీద రాయించుకోవాలి.

మరి కౌంటర్లో కుర్రాడు సర్వీసు ఉందని ఎందుకన్నాడు? అతను అబద్ధం చెప్పలేదు. 523230 అని కొట్టాడు, కంప్యూటరు ఉందని చూపించింది. ఆ పిన్ కనిగిరి టౌనుకే కాదు, దాని కింద ఉన్న పల్లెలకూ వర్తిస్తుంది. కంప్యూటరు చూసింది పిన్‌ని, మీ ఊరిని కాదు.

పిన్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మీకు పోస్టులో ఇదే పనికొస్తుంది. 1972 ఆగస్టు 15న ఈ పద్ధతి మొదలైంది. అప్పట్లో కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ గారు తయారుచేశారు. మొదటి అంకె ప్రాంతం. 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. 6 అయితే తమిళనాడు, కేరళ. మొదటి మూడంకెలు కలిపి సార్టింగ్ జిల్లా. చివరి మూడూ డెలివరీ ఆఫీసు. గమనించండి, ఆ ఆరంకెలూ సబ్ పోస్టాఫీసు దగ్గర ఆగిపోతాయి. దాని కింద ఎన్ని బ్రాంచి పోస్టాఫీసులున్నా అన్నిటికీ అదే నంబరు. కాబట్టి పల్లెకి పంపేటప్పుడు ఊరి పేరు, ఆ ఊరికి వర్తించే బ్రాంచి పోస్టాఫీసు పేరు పక్కన బి.ఓ. అని, తర్వాత కనిగిరి ఎస్.ఓ. (అంటే సబ్ పోస్టాఫీసు) అని, చివర పిన్ రాయండి. మీ ఊళ్ళో బి.ఓ. లేకపోతే పక్క ఊరి బి.ఓ. కింద ఉంటుంది, అమ్మగారిని అడిగితే చెప్తారు. ఈ ఒక్క పేరు రాయకపోవడం వల్ల సబ్ ఆఫీసులో కవరు వేరే పల్లె సంచిలో పడి, తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళడం నేను ఎన్నోసార్లు చూశాను. ఫోను నంబరు రాయడం మరవకండి.

ఇక పోస్టాఫీసు. పైన హెడ్ పోస్టాఫీసు, దాని కింద సబ్ పోస్టాఫీసులు, వాటి కింద బ్రాంచి పోస్టాఫీసులు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా పోస్టాఫీసులుంటే పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ బ్రాంచి ఆఫీసులే. బెంగళూరులో కవరు తీసుకున్న గుమాస్తా, రాత్రి రైల్వే మెయిల్ సర్వీసులో సార్టింగ్ చేసేవాడు, కనిగిరి సబ్ పోస్ట్‌మాస్టరు, మీ ఊరి బి.పి.ఎం. (బ్రాంచి పోస్ట్‌మాస్టరు) అందరూ ఒకే శాఖ కింద పనిచేస్తారు. పెట్టె ఎక్కడ ఆగినా అది శాఖ పెట్టే.

బ్రాంచి ఆఫీసు ఎలా ఉంటుందో సిటీ వాళ్ళు చాలామంది చూసి ఉండరు. అది ప్రభుత్వ భవనం కాదు. చాలాచోట్ల బి.పి.ఎం. తన ఇంటి ముందు గదిలోనో, ఊళ్ళో చూసుకున్న చిన్న గదిలోనో నడుపుతారు. ఆ చోటు చూసుకునే బాధ్యత కూడా ఆయనదే. ఒక బల్ల, కాటా, తేదీ ముద్ర, సిరా ప్యాడు, తాళమేసిన పెట్టె. ఈమధ్య వరకూ చేతిలో చిన్న మిషను ఉండేది, ఇప్పుడు సెల్‌ఫోన్ యాప్ వచ్చింది. రోజూ సబ్ ఆఫీసునుంచి సంచి వస్తుంది. సీలు సరిగ్గా ఉందో లేదో చూసి విప్పుతారు. లోపల బి.ఓ. స్లిప్పు ఉంటుంది, ఏ ఏ నంబరు కవర్లు పంపారో, ఎంత డబ్బు పంపారో అందులో రాసి ఉంటుంది. ఒక్కొక్కటీ సరిచూసి, సంతకం పెట్టాకే ఊళ్ళోకి బయల్దేరతారు. వీళ్ళు గ్రామీణ డాక్ సేవకులు. రోజుకి నాలుగైదు గంటల పని, దానికి తగ్గ భత్యం. పూర్తి ప్రభుత్వోద్యోగుల జీతాలు, పెన్షన్లు వీళ్ళకు లేవు. అయినా ఊళ్ళో ఏ ముసలావిడ ఏ ఇంట్లో ఉంటుందో, ఎవరు పొలం వెళ్ళారో, ఎవరు కూతురింటికి వెళ్ళారో వాళ్ళకు తెలుసు. మీ అమ్మగారు టౌనుకి వెళ్ళక్కర్లేదు, ఆయనే తెచ్చి చేతికిస్తారు. తిరుగు కాగితాలు మీకు పంపాలన్నా స్పీడ్ పోస్టు అక్కడే బుక్ చేస్తారు.

మీ పొలం కాగితాలకు నా సలహా స్పీడ్ పోస్టు, దానికి రిజిస్ట్రేషన్ కలపండి. పాత రిజిస్టర్ పోస్టు ఇప్పుడు విడిగా లేదు. 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. మామూలు స్పీడ్ పోస్టు చిరునామాకి వెళ్తుంది, ఆ ఇంట్లో ఎవరికైనా ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ తీసుకుంటే కవరు మీద పేరున్న మనిషికి, లేదా వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకున్న మనిషికే ఇవ్వాలి. దానికి అదనం 5 రూపాయలు, పైన జి.ఎస్.టి. ఓ.టి.పి. చెప్తేనే ఇచ్చే పద్ధతి కూడా ఉంది, దానికీ అంతే. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన రేట్లలో 50 గ్రాముల లోపు కవరుకి లోకల్ అయితే 19 రూపాయలు, బయట ఊళ్ళకి 47. టౌనుకి ఒక రేటు, పల్లెకి ఒక రేటు ఉండదు. నాకు ఈ శాఖ మీద ఇంత అభిమానం ఉండడానికి ఇదొక కారణం.

పోస్టులో లోటు లేదని చెప్పను. ఆదివారం కౌంటరు ఉండదు. మధ్యాహ్నం తర్వాత కొన్ని ఆఫీసుల్లో స్పీడ్ పోస్టు తీసుకోరు. ఇక పోతే ఇచ్చే పరిహారం: కట్టిన చార్జీకి రెట్టింపు, లేదా 1,000 రూపాయలు, రెండిట్లో ఏది తక్కువైతే అది. విలువైన వస్తువుకి ఇది ఏ మూలకీ చాలదు. అందుకు విడిగా ఇన్సూరెన్సు చేయించుకోవచ్చు, లక్ష రూపాయల వరకూ ఉంటుంది. కొరియర్ వాళ్ళ రసీదు వెనక కూడా సన్నని అక్షరాల్లో, మా బాధ్యత ఇంతవరకే అని ఉంటుంది. చాలామంది చదవకుండా సంతకం పెడతారు. 1996లో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులో, సంతకం పెట్టిన షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఎక్కడ ఇచ్చినా రసీదు చదవండి.

జవాబు 3
చీరల పార్శిళ్ళు, పెరంబూరు, చెన్నై

సార్ చాలా బాగా చెప్పారు. నేను రెండూ వాడే మనిషిని కాబట్టి నా అనుభవం చెప్తాను.

నేను పెరంబూరులో ఇంట్లోనే మంగళగిరి, వెంకటగిరి చీరలు పెట్టుకుని వాట్సాప్‌లో అమ్ముతాను. కొనేవాళ్ళు సగం మంది చెన్నై, బెంగళూరు, హైదరాబాదు. మిగతా సగం చిన్న ఊళ్ళు. సిటీలకు కొరియరే. సాయంత్రం ఫోను చేస్తే కుర్రాడు ఇంటికొచ్చి తీసుకెళ్తాడు. పండగ ముందు నాకు అది ప్రాణం పోసినట్టుంటుంది, ఎందుకంటే పిల్లల్ని స్కూలునుంచి తెచ్చుకునే టైముకే పోస్టాఫీసు కౌంటరు మూసే టైమూ అవుతుంది.

చిన్న ఊళ్ళకి మాత్రం పోస్టు తప్ప ఇంకోటి పంపను. ఒకసారి పల్నాడులో ఒక ఊరికి కొరియర్‌లో పంపిన చీర, "కస్టమర్ ఇంట్లో లేరు" అని నా దగ్గరికే తిరిగొచ్చేసింది. ఆవిడ రోజంతా ఇంట్లోనే ఉందట, ఫోను కూడా రాలేదట. దీన్ని మా అమ్మేవాళ్ళందరం ఫేక్ అటెంప్ట్ అంటాం. వెళ్ళే చార్జీ నాది, తిరిగొచ్చే చార్జీ కూడా నాదే, పైగా పెళ్ళికి కట్టుకోవాలనుకున్న చీర టైముకి చేరలేదని ఆవిడ ఇక నా దగ్గర కొనలేదు. అదే చోటికి పక్కింటివాళ్ళకి తర్వాత పోస్టులో పంపితే రెండు రోజులు ఆలస్యమైనా చేతికి అందింది. పోస్టువాళ్ళు ఇంట్లో లేరని తిరిగెళ్ళినా, కవరుని అప్పటికప్పుడు వెనక్కి పంపరు. వారం రోజులు ఆఫీసులో ఉంచుతారు. ఈలోగా వెళ్ళి తెచ్చుకోవచ్చు.

కనిగిరి చెల్లీ, పెట్టె పంపేటప్పుడు ఒక మాట. కొరియర్లో బరువు ఒక్కటే చూడరు, పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి, 5,000తో భాగిస్తారు. ఆ వచ్చిన లెక్క అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ. నైటీల్లాంటి మెత్తటివి పెద్ద పెట్టెలో వదులుగా పెడితే గాలికి డబ్బు కట్టినట్టే. గుడ్డలు గట్టిగా చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, పైన బట్ట సంచి కుట్టండి. బీపీ మిషనులో సెల్స్ తీసేసి పంపండి, అక్కడ షాపులో దొరుకుతాయి.

పుస్తకాలు పంపేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే, పోస్టాఫీసులో 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఉంది. 300 గ్రాముల వరకూ 20 రూపాయలు, 5 కిలోలైతే 100, పైన పన్ను. నంబరు కూడా ఇస్తారు, ఎక్కడుందో చూసుకోవచ్చు. మా అక్క పిల్లలకి పాత పోటీపరీక్షల పుస్తకాలన్నీ అలాగే పంపాను. కొరియర్‌లో అయితే పుస్తకాల ధర కంటే చార్జీ ఎక్కువయ్యేది.

జవాబు 4
సివిల్ కోర్టు లాయరు, బెంగళూరు

పొలం కాగితాలు అన్నారు కాబట్టి ఒక్క విషయం కలుపుతాను. మీరు పంపేది నోటీసు కాదు, అమ్మగారికి కాగితాలు మాత్రమే, అందుకని మీకు ఇప్పుడే అవసరం లేకపోవచ్చు. కానీ వాటాల వ్యవహారంలో రేపు ఎవరికైనా నోటీసు ఇవ్వాల్సి వస్తే తెలిసి ఉండాలి.

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో 27వ సెక్షన్ ఉంది. చిరునామా సరిగ్గా రాసి, స్టాంపు రుసుము కట్టి, రిజిస్టర్ పోస్టులో పంపితే, మామూలుగా చేరాల్సిన సమయానికి చేరినట్టే చట్టం భావిస్తుంది. చేరలేదని నిరూపించుకోవాల్సిన భారం అవతలివాళ్ళ మీద పడుతుంది. చెక్ బౌన్స్ కేసుల్లో మేమంతా దీని మీదే ఆధారపడతాం. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అది అందాక 15 రోజుల గడువు ఇవ్వాలి. అవతలివాడు కావాలని తీసుకోకపోతే పోస్ట్‌మ్యాన్ కవరు మీద "తిరస్కరించారు" అని రాసి తేదీ వేసి తిప్పి పంపుతాడు. ఆ కవరు చించకండి. అలాగే, సీలు విప్పకుండా, ఫైల్లో పెట్టుకోండి. ఆ నాలుగు ముద్రలు, ఆ ఒక్క వాక్యం కోర్టులో మీకు సాక్ష్యం. మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది లోపల ఏముందో అని విప్పేసి తెస్తారు. అందులో ఉన్నది వాళ్ళు పంపిందే కదా.

కొరియర్ అసలు చెల్లదని కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కోర్టు సమన్లు ఆమోదం పొందిన కొరియర్ల ద్వారా పంపొచ్చు. కానీ మనం సొంతంగా పంపే నోటీసుకి పైన చెప్పిన చట్టం అండ కావాలంటే పోస్టే. ఇప్పుడు స్పీడ్ పోస్టు కౌంటర్లో రిజిస్ట్రేషన్ కావాలని నోరు తెరిచి అడగండి, రసీదు మీద ఆ మాట పడిందో లేదో అక్కడే చూసుకోండి.

కనిగిరి అమ్మాయి

అందరికీ చాలా థాంక్స్. అమ్మని అడిగాను. మా ఊరికి బి.ఓ. లేదట, పక్క ఊళ్ళో ఉందట. అక్కడి బి.పి.ఎం. అమ్మకి బాగా తెలుసట, పెన్షన్ డబ్బుల పనిమీద వస్తుంటారట. మీరు చెప్పినట్టే చిరునామా రాసి రిజిస్ట్రేషన్‌తో పంపుతాను.

సార్, ఇంకొక సందేహం. నాకు వచ్చిన స్పీడ్ పోస్టు ఒకటి "ఇల్లు తాళం వేసి ఉంది" అని చూపిస్తోంది. మా ఇంటికి దగ్గరున్న పోస్టాఫీసుకి వెళ్తే, మా దగ్గర లేదన్నారు. అదీ పోస్టాఫీసే కదా, మరి ఎందుకు ఉండదు?

రిటైర్డ్ సబ్ పోస్ట్‌మాస్టర్, కె.ఆర్.పురం

అమ్మా, సిటీలో అన్ని పోస్టాఫీసుల్లోనూ పోస్ట్‌మ్యాన్లు ఉండరు. కొన్ని డెలివరీ ఆఫీసులు, కొన్ని నాన్ డెలివరీ ఆఫీసులు. రెండోరకంలో బుకింగ్, సేవింగ్స్ ఖాతాలు, ఆధార్ పని ఉంటాయి గానీ ఉత్తరాలు పంచే బీట్లు ఉండవు. మీకు నడిచి వెళ్ళే దూరంలో ఉన్నది అలాంటిది అయివుంటుంది. ట్రాకింగ్‌లో చివరి లైను చూడండి, ఏ ఆఫీసు పేరు ఉందో అక్కడే మీ కవరు ఉంటుంది. మీ పిన్ 560037 అయితే ఆ పిన్‌కి డెలివరీ చేసే ఆఫీసుకి గుర్తింపు కార్డు, ట్రాకింగ్ నంబరు పట్టుకుని వెళ్ళండి. నంబరు మొత్తం 13, ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర ఐ.ఎన్. ఉంటుంది. ఉదయం పోస్ట్‌మ్యాన్లు బీటుకి బయల్దేరే ముందు వెళ్తే మీ బీటు పోస్ట్‌మ్యానే కనిపిస్తాడు, అతనికి మీ ఫోను నంబరు ఇచ్చి రండి. అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు లోపలికి పంపకపోతే అతను మాత్రం ఏం చేస్తాడు? తాళం అని రాసి వెళ్ళిపోతాడు. ఆ గేటు దగ్గర మీ ఫ్లాటు నంబరుకి పోస్టు వస్తే ఫోను చేయమని చెప్పి ఉంచండి.

పాస్‌పోర్టు లాంటివైతే ఇంకా జాగ్రత్త. అది స్పీడ్ పోస్టులోనే వస్తుంది, దరఖాస్తు చేసిన మనిషికి గుర్తింపు చూసే ఇస్తారు. సెక్యూరిటీకి ఇవ్వరు, ఇవ్వకూడదు.

ఇంకో సంగతి. 1898 నాటి పాత పోస్టాఫీసు చట్టంలో ఉత్తరాలు మోసే హక్కు ప్రభుత్వానికి మాత్రమే అని ఉండేది. కొత్త చట్టం 2023లో వచ్చి 2024 జూన్ 18 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఆ ప్రత్యేక హక్కు తీసేశారు, స్టాంపులు అచ్చువేసే హక్కు మాత్రం ఉంచారు. అంటే కవర్ల వ్యాపారంలో కొరియర్లూ, పోస్టూ ఇప్పుడు ఒకే మైదానంలో ఉన్నాయి. నాకు ఒకటే దిగులు. లాభం చూసుకునేవాళ్ళు టౌను దగ్గర ఆగిపోతే, లాభం లేని పల్లె ఖర్చు మొత్తం పోస్టు మీదే పడుతుంది. ఆ ఖర్చు భరించలేమని ఎవరైనా బ్రాంచి ఆఫీసుల జోలికి వస్తే మీలాంటివాళ్ళు మాట్లాడాలి. మీ అమ్మగారి దాకా వెళ్ళే మనిషి ఇంకెవరూ లేరు.

జవాబు 5
లెస్టర్ తమ్ముడు ఉన్న అక్క, మడిపాక్కం, చెన్నై

చర్చ బాగుంది. విదేశాల సంగతి ఎవరూ అనలేదు కాబట్టి చెప్తున్నాను. మా తమ్ముడు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటాడు. ఇక్కడినుంచి స్పీడ్ పోస్టులో పొడులు, పిల్లలకి బట్టలు పంపుతుంటాను. ఒకసారి పార్శిల్ వాడి చేతికి అందలేదు. వాడు వాళ్ళ వీధిలోని పోస్టాఫీసుకి వెళ్ళి అడిగితే, ఇది మా పని కాదు అన్నారట. వాడికి అర్థం కాలేదు, నాకూ కాలేదు. తర్వాత తెలుసుకున్నాం.

అక్కడ ఉత్తరాలు పంచే రాయల్ మెయిల్ వేరు, పోస్టాఫీసు వేరు. ముందు రెండూ ఒకే గూటిలో ఉండేవి. 2012లో విడదీశారు. 2013లో రాయల్ మెయిల్ షేర్లు అమ్మి ప్రైవేటు చేశారు. పోస్టాఫీసు కంపెనీ మాత్రం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. ఆ పోస్టాఫీసు కౌంటరు కూడా చాలాచోట్ల కిరాణా దుకాణంలో ఒక మూల ఉంటుంది, నడిపేది ఆ దుకాణదారే. పార్శిల్ బుక్ చేస్తారు, డబ్బు కట్టించుకుంటారు, బ్యాంకు పనులు చేస్తారు. మోసేదీ, ఇంటికి తెచ్చేదీ వేరే కంపెనీ. మనం ఇక్కడ స్పీడ్ పోస్టులో పంపింది అక్కడ దిగాక పార్సెల్‌ఫోర్స్ అనే సంస్థ చేతికి వెళ్తుంది, అది రాయల్ మెయిల్‌కి చెందినది. కాబట్టి పార్శిల్ అందకపోతే పోస్టాఫీసు చుట్టూ తిరగకుండా, ఇంటికి వేసిన కార్డు మీద ఏ సంస్థ పేరుందో వాళ్ళనే అడగాలి. సార్ చెప్పిన మాటే, తలుపు తట్టేది ఎవరి మనిషో తెలుసుకోవాలి.

ఇంగ్లండుకి పంపేవాళ్ళకి ఇంకొక్కటి. కౌంటర్లో ఇచ్చే కస్టమ్స్ ఫారంలో గిఫ్ట్ అని మాత్రమే రాసి వదిలేయకండి, లోపల ఏమేం ఉన్నాయో, ఒక్కోదాని విలువ ఎంతో విడివిడిగా రాయండి. గిఫ్ట్ విలువ 39 పౌండ్ల లోపు ఉంటే అక్కడ వాళ్ళకి దిగుమతి వ్యాట్ పడదు. నెయ్యి, కోవా లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్ళు పెట్టకండి, అక్కడ కస్టమ్స్ వాళ్ళు తీసేస్తారు. కంది పొడి, కరివేపాకు పొడి మాత్రం రెండు కవర్లలో వేసి సీలు చేసి పంపితే మా తమ్ముడికి ఎప్పుడూ బాగానే చేరాయి.